ఏడు కిలోలు ఎక్కడ ఉండాలి?

హనుమకొండలో తెల్లవారుజామున ఇల్లు వదిలి, శంషాబాద్‌లో ఢిల్లీ విమానం ఎక్కాల్సిన మనిషి దారిని ముక్కలుగా విడదీసి చూద్దాం. గుమ్మం నుంచి సందు చివర దాకా నడక. కాజీపేట స్టేషన్ దాకా ఆటో. అక్కడ ప్లాట్‌ఫారం మారడానికి వంతెన ఎక్కి దిగడం. రైలు పెట్టెకుండే నిట్టనిలువు మెట్లు, లోపల పక్కకు తిరిగితే గాని కదలనివ్వని ఇరుకు దారి. సుమారు 130 కిలోమీటర్ల తర్వాత సికింద్రాబాద్‌లో మళ్లీ వంతెన, మళ్లీ జనం. ఆపైన పుష్పక్ బస్సు. అన్నీ అయ్యాక, చిట్టచివర, విమానాశ్రయంలో అద్దంలా మెరిసే నేల.

చక్రాల బ్యాగును తయారుచేసింది ఆ నేల కోసం. మన ప్రయాణంలో ఆ నేల వచ్చేది ఆఖరి అరగంటలో.

వరంగల్ వాళ్లకు ఈ దారి ఇంతకాలం తప్పలేదు. నిజాం కాలంలో కట్టిన మామునూరు విమానాశ్రయం 1981లో మూతబడింది. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. దానికి 150 కిలోమీటర్ల లోపల మరొకటి రాకూడదన్న ఒప్పందం మామునూరుకు అడ్డుగా నిలిచింది. చివరికి 2025లో కేంద్రం మామునూరుకు పచ్చజెండా ఊపింది. అక్కడ విమానం ఎగిరే రోజు దాకా మనకు ఆటో, వంతెన, రైలు, బస్సే గతి.

ఈ దారిలో మనతో వచ్చే బ్యాగుకు ఒక హద్దు ఉంది. మన దేశంలో లోపలి విమానాల్లో సాధారణ టికెట్ మీద చేతిలో తీసుకెళ్లే బ్యాగు 7 కిలోలు మించకూడదు. పొడవు, వెడల్పు, మందం కలిపి 115 సెంటీమీటర్లు దాటకూడదు. అంటే సుమారుగా 55, 35, 25. ఈ కొలతల్లో ఒదిగి, కావాలంటే చేతిపెట్టెలా, కావాలంటే వీపుసంచిలా మారే బ్యాగులు ఇప్పుడు హనుమకొండ చౌరస్తా దుకాణాల్లోనూ దొరుకుతున్నాయి. వాటిలో ఏది మంచిదని అడిగితే చాలామంది కంపెనీ పేరు చెబుతారు. నేను ఈ అధ్యాయంలో వేరే ప్రశ్న అడుగుతాను. ఆ ఏడు కిలోలు మన ఒంటి మీద ఎక్కడ ఉండాలి? దీనికి జవాబు తెలిస్తే బ్యాగు దానంతటదే దొరుకుతుంది.

దుకాణం నేల, కాజీపేట మెట్లు

బ్యాగు కొనేటప్పుడు మనం చేసే పని ఒకటుంది. పిడి పైకి లాగి, దుకాణం గచ్చు మీద నాలుగడుగులు నడిపిస్తాం. వెన్న మీద వేలు జారినట్టు వస్తుంది. అక్కడికక్కడే మనసు పడిపోతుంది. కానీ నున్నటి నేల ఏ చక్రాన్నీ పరీక్షించదు. పరీక్ష ఒక చిన్న కంకరరాయితో మొదలవుతుంది.

చక్రం ఒక రాయిని ఎక్కాలంటే రాయి అంచును ఇరుసుగా చేసుకుని పైకి లేవాలి. అందుకు ఎంత బలంతో లాగాలో చక్రం వ్యాసార్థం, రాయి ఎత్తు చెబుతాయి. ట్రాలీ బ్యాగు చక్రం వ్యాసార్థం రెండున్నర సెంటీమీటర్లు అనుకుందాం. ఎదురుగా ఒక సెంటీమీటరు ఎత్తున్న రాయి. నేలకు సమాంతరంగా లాగి దాన్ని ఎక్కించాలంటే, చక్రం మీద ఎంత బరువుందో దానికి 1.3 రెట్ల బలం కావాలి. అంటే ఎత్తుకుపోవడానికి పట్టే శ్రమకన్నా లాగడానికి పట్టే శ్రమే ఎక్కువ. అదే రాయి ఆటో చక్రానికి ఎదురైతే, దాని వ్యాసార్థం సుమారు 20 సెంటీమీటర్లు కాబట్టి, బరువులో మూడో వంతు బలం చాలు. 60 సెంటీమీటర్ల వ్యాసార్థమున్న ఎడ్లబండి చక్రానికి అయిదో వంతు కూడా అక్కర్లేదు. మన వడ్రంగులు బండిచక్రాన్ని అంత పెద్దగా చేసింది అందం కోసం కాదు. గతుకుల దారిలో ఎద్దు మెడ మీద భారం తగ్గించే సూత్రం వాళ్ల చేతుల్లో ఉంది.

ట్రాలీని వాలుగా లాగుతాం కాబట్టి మన చెయ్యి కొంత బరువును పైకి ఎత్తుతూ ఉంటుంది. అందుకే అది అసలు కదలకుండా ఆగిపోదు. కానీ ఆ సాయమంతా చేసేది మన భుజమే. ఇక గడప ఎత్తు చక్రం వ్యాసార్థానికి సమానమైతే, నేలకు సమాంతరంగా ఎంత బలంతో లాగినా చక్రం ఎక్కదు. రెండున్నర సెంటీమీటర్ల మెట్టు చాలు, చక్రాల బ్యాగు చేతిబ్యాగు అయిపోవడానికి. స్టేషన్ వంతెన మెట్టు దానికి అయిదారింతలు.

చక్రం పుట్టి వేల ఏళ్లయినా పెట్టె కిందికి చేరింది మొన్నమొన్ననే. బెర్నార్డ్ సాడో అనే అమెరికన్‌కు 1970లో ఆ ఆలోచన వచ్చింది; 1972లో పేటెంటు దక్కింది. అది నాలుగు చక్రాల పెట్టె. తాడు కట్టిన బొమ్మబండిలా పట్టీతో లాగేవాళ్లు. 1987లో రాబర్ట్ ప్లాత్ అనే విమాన పైలట్ పెట్టెను నిలువుగా నిలబెట్టి, రెండు చక్రాలు, పొడవాటి పిడి పెట్టాడు. ఈ రెండోది విమానాల మధ్య బతికేవాళ్ల కోసం విమానాల మధ్యే పుట్టింది. వేగంగా లాగినప్పుడు రెండు చక్రాల పెట్టె ఎడమకూ కుడికీ ఊగి బోర్లాపడటం మనందరం చూసినదే. పారిస్ శాస్త్రవేత్తలు 2017లో ఆ ఊగుడు మీద ఒక పరిశోధనపత్రమే రాశారు. ఊగడం మొదలయ్యాక ఆగిపోవడం కన్నా వేగం పెంచితే ఊగు తగ్గుతుందని, పిడిని నేలకు దగ్గరగా దించినా సర్దుకుంటుందని తేల్చారు. సికింద్రాబాద్ స్టేషన్ జనంలో వేగం పెంచే వీలు ఎవరికుంటుంది?

చక్రాలు చెడ్డవని నేను అనడం లేదు. మోకాళ్లు, నడుము సహకరించని పెద్దవాళ్లకు, మెట్లు లేని దారికి అవి వరం. కానీ మన దారిలో అసలు కష్టమున్న చోట చక్రం పనిచేయదు. అక్కడ ఆ ఏడు కిలోలు ఒంటి మీదికే వస్తాయి. ఒంటి మీద ఎక్కడికి వస్తాయన్నదే ఇక తేలాల్సింది.

చేతిలో ఏడు, వెన్నులో నలభై రెండు

త్రాసులో ఒక పళ్లెం మధ్య ముల్లుకు దగ్గరగా, మరొకటి దూరంగా ఉందనుకోండి. దూరపు పళ్లెంలో చిన్న బరువును కూడా దగ్గరి పళ్లెంలో పెద్ద రాయి పెడితే గాని తూచలేం. బరువుకున్న ఈ తిప్పే గుణాన్ని భౌతికశాస్త్రం బలభ్రామకం అంటుంది. బరువును దూరంతో గుణిస్తే వచ్చేది అదే.

బ్యాగును కుడిచేత్తో పట్టుకుని నిలబడినప్పుడు మన వెన్ను ఆ త్రాసు ముల్లు. బ్యాగు వెన్నుకు 25 సెంటీమీటర్ల దూరంలో వేలాడుతుంది. మనల్ని కుడికి పడకుండా ఆపేది వెన్నుకు ఎడమవైపున్న కండరాలు. అవి వెన్నును ఆనుకుని ఉంటాయి. వాటి లాగుడుకు దొరికే దూరం సుమారు 5 సెంటీమీటర్లు. ఏడు కిలోలను ఇరవై అయిదుతో గుణించి అయిదుతో భాగిస్తే 35. అంటే ఆ కండరాలు 35 కిలోల బలంతో లాగాలి. ఆ లాగుడు, బ్యాగు బరువు రెండూ వెన్నుపూసల మధ్య డిస్కుల మీదే పడతాయి. 35, 7 కలిపి 42 కిలోలు. ఇది సరళమైన లెక్క. నిజంగా నడిచేటప్పుడు ఒళ్లు ఎదురువైపుకు వాలి, పొట్ట కండరాలు సాయపడి ఈ అంకె కొంత మారుతుంది. కానీ తూనికలో ఏడు చూపించిన బ్యాగు వెన్నుకు ఏడు కాదన్నది మాత్రం మారదు.

ఇప్పుడు అదే బ్యాగు పట్టీలు బయటికి తీసి వీపుకు తగిలించుకుందాం. ఎడమ కుడి తేడా పోయింది. ఇక మిగిలింది ముందువెనకల తేడా. అరవై కిలోల మనిషి, ఏడు కిలోల బ్యాగు. బ్యాగు గరిమనాభి, అంటే దాని బరువంతా ఒక్కచోట ఉన్నట్టు పనిచేసే బిందువు, ఒంటి మధ్యగీతకు 20 సెంటీమీటర్లు వెనక ఉంటే, మనిషికీ బ్యాగుకూ కలిపిన గరిమనాభి వెనక్కి జరిగేది రెండు సెంటీమీటర్లే. ఒళ్లు ఒక్క పిసరు ముందుకు వాలితే సరిపోతుంది. బరువైన వస్తువులు బ్యాగు బయటి అరలో ఉండి ఆ దూరం 30 సెంటీమీటర్లయితే, జరుగుడు మూడు సెంటీమీటర్లు దాటుతుంది. వాలు సగం పెరుగుతుంది. అందుకే ల్యాప్‌టాప్ అర వీపుకు ఆనుకుని ఉండాలి. ఛార్జర్లు, పుస్తకాలు, చెప్పులు వీపువైపు మధ్యలో, బట్టలు బయటివైపు. బ్యాగు మందంగా ఉబ్బకుండా పలచగా ఒంటికి అతుక్కుని ఉండాలి. పక్కల ఉండే బిగింపు పట్టీలు అలంకారం కోసం కాదు. ఆ 30 సెంటీమీటర్లను 20 దగ్గరికి లాక్కొచ్చేవి అవే.

మోసేవాళ్ల విద్య

ఈ లెక్కలన్నీ కాగితం మీదికి రాకముందే ఒంటికి తెలిసినవాళ్లు మన చుట్టూ ఉన్నారు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్‌లో ఒక పూట నిలబడి చూడండి. హమాలీ బస్తాను చేతులతో వేలాడదీసి ఎక్కువ దూరం పోడు. ఒళ్లు వంచి వీపు మీదికో, తల మీదికో ఎక్కించుకుంటాడు. బరువు ఎంత ఎక్కువైతే అది వెన్నుకు అంత దగ్గరవుతుంది.

ఆ శ్రమను కొలిచినవాళ్లూ మన దేశంలోనే ఉన్నారు. దత్తా, రామనాథన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1971లో, చదును నేల మీద 30 కిలోల బరువును ఏడు రకాలుగా మోయించి, ఏ పద్ధతిలో ఒంటి శక్తి ఎంత ఖర్చవుతుందో పోల్చి చూశారు. బరువును ముందు సగం, వెనక సగం పంచి కట్టుకున్న పద్ధతి అన్నిటికన్నా తేలిక. దాని వెంటే తలమోత. ఆ తర్వాత వీపుసంచి. అన్నిటికన్నా ఖరీదైనది చేతులతో మోయడం. తేలికైన పద్ధతికన్నా నలభై శాతానికి పైగా ఎక్కువ శక్తి ఖర్చయింది. కావడి కూడా పట్టికలో కిందికే వచ్చింది. కావడి రెండు వైపులా సమంగా తూగుతుంది కదా, మరి ఎందుకలా? తూకం ఒక్కటే సరిపోదు. బద్ద చివర్లలో బరువు ఒంటికి దూరంగా ఉంటుంది, అడుగడుగుకూ ఊగుతుంది, ఆ ఊగును ఆపడానికి చెయ్యి, భుజం పనిచేస్తూనే ఉండాలి. బరువు సమంగా ఉండాలి, ఒంటికి దగ్గరగా ఉండాలి, ఊగకుండా ఉండాలి. ఈ మూడూ కలిస్తేనే ఒంటికి సుఖం.

తలమోత సంగతి ఇంకా ఆశ్చర్యం. 1986లో కెన్యాలోని లువో, కికుయు మహిళల మీద చేసిన పరిశోధనలో, తమ బరువులో అయిదో వంతు దాకా తల మీద పెట్టుకున్నా వాళ్లు అదనంగా శక్తి ఖర్చు చేయడం లేదని తేలింది. నడిచేటప్పుడు మన ఒళ్లు తలకిందులైన లోలకంలా ఊగుతుంది. ఆ ఊగులో దొరికే శక్తిని వాళ్ల నడక మామూలు నడకకన్నా బాగా దాచుకుని వాడుకుంటుందని 1995లో వివరణ దొరికింది. మేడారంలో నిలువెత్తు బంగారం, అంటే బెల్లం, తల మీద పెట్టుకుని గద్దెల వైపు సాగే ఆడవాళ్ల మెడ, నడుము ఎంత నిటారుగా ఉంటాయో గుర్తు తెచ్చుకోండి. ఆ నడక చిన్నప్పటి నుంచి బిందె, తట్ట మోసిన మెడకే వస్తుంది. మనలో చాలామందికి అది లేదు. కాబట్టి మనకు మిగిలిన మేలైన చోటు వీపు.

నడుము దగ్గరి రహస్యం

జనగామ దారిలో తాటిచెట్టు ఎక్కే గౌడన్నను చూస్తే ఇంకో పాఠం దొరుకుతుంది. కత్తులు పెట్టుకునే ముస్తాదు నడుముకే ఉంటుంది. చెట్టునూ ఒంటినీ కలిపి చుట్టే మోకు పడేది నడుము మీదే. కల్లు లొట్టి వేలాడేదీ నడుము దగ్గరే. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, బరువు గరిమనాభి పక్కనే ఉండాలి, ఒంట్లో ఒక గట్టి ఎముక దాన్ని మోయాలి. ఆ ఎముక కటి. కాళ్ల మీదికి బరువును నేరుగా దించేది అదే.

వీపుసంచికుండే నడుము పట్టీ చేసేది ఇదే పని. సైనికుల సంచుల మీద జరిగిన పరీక్షల్లో, బిగుతైన నడుము పట్టీ నిలువు బరువులో సుమారు 30 శాతాన్ని భుజాల మీద నుంచి కిందికి దించినట్టు తేలింది. ఏడు కిలోలకు దళసరి మెత్తలున్న పట్టీ అవసరం లేదు. సన్నదైనా బ్యాగును ఊగకుండా ఆపుతుంది. తిరుగు ప్రయాణంలో, విమానం కాక రైలే అయితే, బరువు పది కిలోలు దాటడం మామూలే. అప్పుడు మెత్తలున్న పట్టీ విలువ తెలుస్తుంది. ఆ పట్టీ తుంటి ఎముక పైఅంచు మీద కూర్చోవాలి. పొట్ట మీద బిగిస్తే ఊపిరికి ఇబ్బందే తప్ప మోత తగ్గదు.

అందుకే బ్యాగు ఎత్తుకన్నా ముందు మన వీపు పొడవు కొలవాలి. తల ముందుకు వంచితే మెడ అడుగున ఒక ఎముక ఉబ్బుగా తగులుతుంది. అక్కడి నుంచి, రెండు చేతులూ తుంటి మీద పెట్టినప్పుడు బొటనవేళ్లు కలిసే చోటు దాకా టేపుతో ఇంట్లో ఎవరినైనా కొలవమనండి. ఈ కొలత చాలామంది పెద్దవాళ్లలో 40 నుంచి 50 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. నలభై దగ్గర ఉన్నవాళ్లు 55 సెంటీమీటర్ల బ్యాగు తగిలించుకుంటే అడుగుభాగం పిరుదులకు కొట్టుకుంటుంది. నడుము పట్టీ తొడల మీదికి జారుతుంది. విమానం ఒప్పుకునే పెద్ద కొలతే మన ఒంటికి మంచి కొలతని అనుకోకూడదు. పొట్టిగా ఉన్నవాళ్లకు 48, 50 సెంటీమీటర్ల బ్యాగే సుఖం.

భుజపట్టీల వెడల్పుదీ ఇలాంటి లెక్కే. ఏడు కిలోల్లో సగం ఒక్కో భుజం మీద, 12 సెంటీమీటర్ల పొడవున ఆనిందనుకోండి. పట్టీ వెడల్పు రెండు సెంటీమీటర్లయితే చదరపు సెంటీమీటరు మీద 146 గ్రాములు పడతాయి. ఆరు సెంటీమీటర్లయితే 49 గ్రాములు. చర్మం కింది సన్నటి రక్తనాళాలు నలిగిపోవడానికి సుమారు 40 గ్రాముల పీడనం చాలు. సన్నపట్టీ సంచి మోస్తే చెయ్యి తిమ్మిరెక్కేది ఇందుకే. మెడ నుంచి చేతికి దిగే నరాలు కూడా అక్కడే నలుగుతాయి. రూపం మార్చుకునే బ్యాగుల్లో చాలా తయారీదారులు పొదుపు చేసేది సరిగ్గా ఈ పట్టీలోనే. పట్టీ దాచే అర పలచగా ఉండాలని పట్టీనే పలచన చేస్తారు. బ్యాగు చేతిలోకి రాగానే మొదట చూడాల్సింది వెడల్పు, ఆ తర్వాత మెత్త. బొటనవేలితో నొక్కితే మెత్త అడుగంటా దిగిపోయి, వదిలాక నెమ్మదిగా లేస్తే అది ఎక్కువ కాలం నిలవదు.

ఏడులో సంచి వాటా ఎంత?

విమానం వాళ్లు తూచేది మన సామాను ఒక్కటే కాదు, సంచితో కలిపి. చక్రాలు, లోహపు పిడి, వాటిని మోసే చట్రం, మళ్లీ భుజపట్టీలు అన్నీ ఉన్న బ్యాగు ఖాళీగానే మూడు కిలోల దాకా తూగుతుంది. చక్రాలు లేని, రూపం మారే బ్యాగు ఒకటి నుంచి ఒకటిన్నర కిలో. మొదటి దాంట్లో మనకు మిగిలేది నాలుగు కిలోలు. రెండో దాంట్లో అయిదున్నర పైన. ఆ కిలోన్నర తేడాలో మూడు నేత చీరలు పడతాయి.

ఘనపరిమాణం గురించీ ఒక భ్రమ ఉంది. 55, 35, 25 గుణిస్తే 48 లీటర్లు. అంచుల వంపులు, మెత్తలు తీసేస్తే 40 లీటర్లు. పెద్దదైతే మంచిదేగా అనిపిస్తుంది. ఇంట్లో పది లీటర్ల బకెట్ తీసుకుని మడిచిన నూలు బట్టలు ఒత్తి నింపి తూచి చూడండి. రెండు కిలోలకు అటూ ఇటూ వస్తుంది. ఆ లెక్కన 40 లీటర్లు నింపితే ఎనిమిది కిలోలు, సంచి బరువు కాకుండానే. అంటే చోటు నిండక ముందే బరువు హద్దు దాటుతుంది. ఏడు కిలోల ప్రయాణానికి 30 నుంచి 35 లీటర్లు చాలు. ఖాళీ మిగిలితే సామాను లోపల జారి, బరువు అడుగుకు చేరి, గరిమనాభి వెనక్కీ కిందికీ పోతుంది. సరిపోయే సంచిలోనే సామాను కదలకుండా ఉంటుంది.

కాజీపేట నుంచి వరంగల్ దాకా ఒక దారం

బ్యాగు గుడ్డ మీద 420 డెనియర్, 1000 డెనియర్ అని రాసి ఉంటుంది. వరంగల్‌కు ఈ భాష కొత్త కాదు. 1934లో మొదలై 2002లో మూతబడిన ఆజంజాహి మిల్లు ఈ ఊరికి నూలు నంబర్లు నేర్పింది. కొత్తవాడ మగ్గాల మీద నేసే వరంగల్ తివాచీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయితే నూలు నంబరు పెరిగితే దారం సన్నమవుతుంది. డెనియర్ పెరిగితే దారం లావవుతుంది. తొమ్మిది వేల మీటర్ల దారం ఎన్ని గ్రాములుంటే అన్ని డెనియర్లు. కాజీపేట స్టేషన్ నుంచి వరంగల్ స్టేషన్ సుమారు పది కిలోమీటర్లు. పట్టాల పక్కన 500 డెనియర్ దారం ఒకటి అంత దూరం పరిస్తే దాని బరువు అరకిలోకు కాస్త ఎక్కువ.

డెనియర్ పెరిగితే గుడ్డ రాపిడికి ఆగుతుంది, బరువూ పెరుగుతుంది. ఏడు కిలోల లెక్కలో మధ్యమార్గం మంచిది: అడుగున, మూలల్లో లావు దారం, మిగతా చోట 400 దరిదాపుల్లో. నైలాన్ రాపిడికి పాలిస్టర్ కన్నా బాగా తట్టుకుంటుంది. పాలిస్టర్ నీళ్లు తక్కువ పీల్చుకుంటుంది, ఎండకు తక్కువ చెడుతుంది. మన ఎండలకూ వానలకూ రెండూ పనికొస్తాయి. గుడ్డ లోపలివైపు నీళ్లు దిగకుండా పూసే పాలియురెథేన్ పూత మాత్రం మన వాతావరణంలో జాగ్రత్తగా చూసుకోవాల్సినది. వేడి, తేమ కలిస్తే నీటి అణువులు ఆ పూతను మెల్లగా తెంచుతాయి. వానాకాలమంతా అటక మీద ప్లాస్టిక్ కవరులో కట్టిపెట్టిన బ్యాగు తీస్తే లోపల జిగటగా, పొలుసులుగా ఊడేది అందుకే. ఆరబెట్టి, గాలి తగిలేచోట వేలాడదీస్తే దాని ఆయుష్షు పెరుగుతుంది.

గుడ్డ చిరగడం కన్నా ముందు కుట్టు తెగుతుంది. భుజపట్టీ బ్యాగును కలిసే చోట ఒకే చోట దగ్గరదగ్గరగా, మందంగా అటూ ఇటూ కుట్టిన పట్టె ఉందా అని చూడాలి. జిప్పు సన్నటి చుట్టల రకమైతే మేలు. పళ్లు ఎక్కడైనా విడిపోతే, జారుడును వెనక్కి లాగి మళ్లీ ముందుకు తెస్తే చాలాసార్లు కలిసిపోతాయి.

రూపం మారే చోటు

ఒక వస్తువు పది పనులు చేయడం మనకు కొత్త విషయం కాదు. గొర్లకాపరి గొంగడి చలికి కప్పుకునే దుప్పటి, వానకు నెత్తిన కొప్పెర, రాత్రికి పక్క. ఒకప్పుడు రైలెక్కే ప్రతి కుటుంబం వెంటా ఉన్న హోల్డాలు విప్పితే పరుపు, చుడితే మూట. ఈ రెండింటికీ ఒక గుణం ఉంది. రూపం మార్చడానికి క్షణమే పడుతుంది, ఏ ముక్కా విడిగా ఊడి రాదు.

మారే బ్యాగుకూ అదే గీటురాయి. భుజపట్టీలను వీపువైపు అరలో దాచి జిప్పు వేసే రకం మంచిది. పట్టీలు ఊడదీసి లోపల పెట్టుకునే రకంలో కొక్కేలు పోతాయి. కాజీపేటలో రైలు దిగి ఆటోలో కూర్చునే లోపు పట్టీలు దాచేయగలగాలి, వంతెన దగ్గరికి రాగానే తీయగలగాలి. అరనిమిషం దాటితే ఆ పని మనం చేయం. చేతిలోనే మోసేస్తాం, ఆ నలభై రెండు కిలోలు వెన్ను మీద వేసుకుంటాం. పక్కన కూడా ఒక పిడి ఉంటే బస్సు పైఅరలోంచి లాగడం తేలిక.

బ్యాగు సూట్‌కేసులా పూర్తిగా విచ్చుకుంటే సర్దడం సులువు. బయట మాత్రం త్వరగా అందే ఒక చిన్న అర తప్పనిసరి. లిథియం బ్యాటరీలున్న పవర్ బ్యాంకులు విమానంలో మనతోనే ఉండాలి; సామాను కోసం కేటాయించిన అడుగు అరలోకి పోకూడదు. పైఅరలు నిండిపోయి చివరి నిమిషంలో బ్యాగును కిందికి పంపమంటే, ఆ పవర్ బ్యాంకును ఒక్క లాగుతో తీసుకోగలగాలి.

మన వేసవిలో ఇంకో ప్రశ్న వస్తుంది: వీపుకు చెమట. గాలి ఆడటానికి వీపుకూ బ్యాగుకూ మధ్య వల బిగించిన రకాలున్నాయి. అవి చల్లగా ఉంటాయి, కానీ బరువును మూడు నాలుగు సెంటీమీటర్లు వెనక్కి నెడతాయి. పైగా విమానం కొలతలో ఆ మందమూ లెక్కే. నిలువుగా గాడులున్న పలుచని మెత్త ఈ రెండింటికీ మధ్య రాజీ.

పద్మాక్షి గుట్ట పరీక్ష

ఇంత చదివాక కూడా బ్యాగును దుకాణం నేల మీద ఎంచుకోవద్దని నా మనవి. కొన్నాక మార్చుకునే వీలుందో లేదో ముందే అడగండి. ఇంటికి తెచ్చి, సంచి బరువుతో కలిపి ఏడు కిలోలయ్యేలా బియ్యం పొట్లాలు తువ్వాళ్లలో చుట్టి, వీపువైపు సర్దండి. పొద్దున్నే హనుమకొండ పద్మాక్షి గుట్ట దగ్గరికి వెళ్లండి. మొదట కొన్ని మెట్లు బ్యాగును చేత్తో పట్టుకుని ఎక్కండి. తర్వాత ఒక భుజానికి వేసుకుని. ఆపైన పట్టీలు తీసి, రెండు భుజాలకూ వేసుకుని, నడుము దగ్గర బిగించి.

మూడో విడత మెట్లు ఎక్కేటప్పుడు మీకే ఒక మార్పు తెలుస్తుంది. చేతులు ఖాళీ అవుతాయి. చూపు నేల మీద నుంచి లేస్తుంది. ఊపిరి మెట్లకు సరిపోతుంది తప్ప బరువుతో పోట్లాడదు. అలా అనిపిస్తే ఆ బ్యాగు మీది. భుజం కోస్తున్నా, అడుగుభాగం తొడలకు తగులుతున్నా, ప్రతి మెట్టుకూ బ్యాగు ఊగుతున్నా, ఆ బియ్యం డబ్బాలో పోసి బ్యాగు తిరిగి ఇచ్చేయండి. దారిలో అన్నిటికన్నా కష్టమైన చోట ఒంటికి నచ్చిన బ్యాగు, నున్నటి నేల మీద కూడా నచ్చుతుంది.